మొదటి స్థితికి

ల్యాప్‌టాప్‌లో చోటు చాలక భవ్యశ్రీకి వారం నుంచి ఒళ్లు మండుతోంది. ద్వారకలోని ఈ ఫ్లాట్‌లో తనకు ముందు అద్దెకున్న వీణ, అలమారాలో వదిలేసి పోయిన ల్యాప్‌టాప్ అది. వీణ ఎక్కడికి పోయిందో ఓనర్ అంకుల్‌కి కూడా తెలీదు.

"రికవరీ భాగాన్ని పెన్‌డ్రైవ్‌లోకి మార్చెయ్ భవ్యా," అన్నాడు ఫోన్లో ఆఫీసు స్నేహితుడు కిరీటి. "ఎప్పుడైనా పాడైతే మళ్లీ కొన్నప్పటిలా చేసేది అదే. కాపీ అయ్యాక లోపలిది తీసెయ్. అంతే."

చీకటి పడ్డాక మొదలుపెట్టింది. సగంలో ల్యాప్‌టాప్ ఫ్యాన్ రొద ఠక్కున ఆగిపోయింది. విసుగొచ్చి పెన్‌డ్రైవ్ లాగేసింది. అది గుప్పిట్లో వేడిగా ఉంది. తెర మీద కాపీ మాత్రం ఆగలేదు.

చివరికి ఒక్క ముక్క వచ్చింది: 'అంతా మొదటి స్థితికి చేరింది. వీణకు స్వాగతం.'

"దరిద్రపు డబ్బా!" అని మూత ఠపీమని వేసింది.

అప్పుడు గోడ మీది ఇంటర్‌కమ్ మోగింది. కింద గేటు దగ్గరి గార్డు. ఎవరొచ్చినా పైకి పంపేముందు ఇలాగే అడుగుతాడు. రోజూ దీదీ అని నమస్తే పెట్టేవాడి గొంతు ఇవాళ కరుకుగా ఉంది.

"ఆప్ కౌన్ హైఁ?" మీరెవరని ఆమెనే అడుగుతున్నాడు.

వీణా మేడమ్ పైకి వస్తోందట. తన ఫ్లాట్‌లో ఎవరూ ఉండకూడదని చెప్పిందట.

"అరే భయ్యా, మైఁ..."

నేను ఫలానా అని చెప్పబోతే, తన పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

బయట తాళంచెవి తిరిగింది.