అరువు రక్తం

“ఈ మాత్ర ఇవాళే ఆపేయాలి,” రిపోర్టు బల్లమీద పెట్టి అన్నాడు డాక్టరు. “లివరు ఎంజైములు ఉండాల్సిన దానికి ఆరు రెట్లున్నాయి.”

ఎదురుగా కూర్చున్న లైబ్రేరియన్ రిపోర్టు మీద తన పేరు మళ్ళీ చూసుకున్నాడు. ఎనిమిది నెలల కిందట మంచం దిగడమే గగనమైన మనిషి ఆయన. డిప్రెషన్‌కిచ్చిన ఆ మాత్ర పుణ్యమా అని ఇప్పుడు పొద్దున్నే గడ్డం గీసుకుంటున్నాడు, కిటికీలోంచి ఎండ పడితే కుర్చీ అటు జరుపుకుంటున్నాడు. అది కొందరి లివరుకి పడదని, మూడు నెలలకోసారి రక్తం చూపించుకోవాలని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. ఎక్కడ తేడా వచ్చి మాత్ర ఆపేస్తారోనన్న భయంతో, ఈసారి ల్యాబు అమ్మాయి ఇంటికొస్తే తన చెయ్యికి బదులు బావమరిది చెయ్యి చాపించాడు.

ఆ బావమరిది ఇప్పుడు పక్క కుర్చీలోనే ఉన్నాడు. ‘ఆనందం మీ చేతిలోనే’ అంటూ ఊరూరా ఉపన్యాసాలిచ్చే శిక్షకుడు. సూది గుచ్చేటప్పుడు కూడా క్లాసు పీకాడు.

“మనసు బాగోకపోతే అద్దంలో చూసుకుని నవ్వాలి బావా. ఈ మాత్రలేంటి, ఛీ. సరే, నా రక్తం తీసుకో. నా లివరుని చూసి డాక్టర్లు పాఠాలు చెప్పుకోవాలి.”

డాక్టరు పాఠం మొదలుపెట్టాడు. “మందు తాగుతారా?”

“లేదండీ,” అన్నాడు లైబ్రేరియన్.

“అయితే ఇది మాత్ర పనే. ఇంకా మింగితే లివరు దక్కదు.” చీటీ మీద మాత్ర పేరు కొట్టేయబోయాడు.

“ఆగండి సార్. ఆ రక్తం నాది కాదు. వీడిది.”

కలం ఆగింది. డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “పుస్తకం పక్క అరలో పెడితేనే కేకలేస్తారే మీరు. రక్తం మారితే పరవాలేదా?”

డాక్టరు శిక్షకుడి వైపు తిరిగాడు.

“పోనీ మీరు తాగుతారా?”

“వాసన కూడా పడదు సార్.”

“నాటుమందులు, పొడులు?”

“అబ్బే.”

“గాలి పీలిస్తే ఆరు రెట్లు పెరగవండీ. ఏదో మింగుతున్నారు. దాచారంటే ప్రాణం మీదికొస్తుంది.”

శిక్షకుడి నవ్వు ఎటో పోయింది. “బావా, నువ్వు కాసేపు బయట కూర్చో.”

“కూర్చోను. కాగితం మీద అది నా లివరు. నేనూ వింటాను.”

శిక్షకుడు తలుపు మూసి ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించాడు.

“బావ వేసుకునే మాత్రే సార్. మూడేళ్ళుగా.”