నీళ్ళ కింది మనుషులు

వడియాలు ఎండబెట్టడానికి దమయంతి మేడ మీదకు వెళ్ళేసరికి కిరాయి గది తలుపు తీసి ఉంది.

లోపల గోడకు ఆనించి పెద్ద బొమ్మ. సముద్రం అడుగున ఒకావిడ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. విరబోసిన జుట్టులోంచి చేపలు వెళ్తున్నాయి. ఒళ్ళో తాబేలు. ఆవిడ కళ్ళు తెరిచి సూటిగా చూస్తోంది.

పక్క బొమ్మలో ఒక ముసలాయన ఆక్టోపస్ పక్కన కూర్చుని బీడీ వెలిగిస్తున్నాడు.

దమయంతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఆ గదిలో శ్రీరామమూర్తి ఉంటున్నాడు. కోనసీమ మనిషి. యాభై దాటిన ఒంటరివాడు. తొంభై ఒకటిలో అశోక్‌నగర్‌లోని ఈ ఇంటికొచ్చాడు. చిక్కడపల్లి దుకాణాలకు బోర్డులు రాసేవాడు. మెట్లెక్కితే ఆయాసపడేవాడు. ఎవరి జోలికీ పోయేవాడు కాదు.

“గీ బొమ్మలేంది మూర్తిగారు? చచ్చిపోయినోళ్ళా?” అని గదిలో రంగులు కలుపుకుంటున్న అతన్ని దమయంతి అడిగింది.

“కాదమ్మా. కళ్ళు మూస్తే ఇలాగే కనిపిస్తారు. వేసేస్తే కాస్త నిద్ర పడుతుంది.”

మళ్ళీ కుంచె అందుకున్నాడు.

వానలు మొదలయ్యాక కూతురు అనూహ్య పురుటికి వచ్చింది. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. అందుకే ఈసారి ఇంట్లో అందరికీ భయమే.

గాలి కోసం మేడ ఎక్కిన అనూహ్య ఆ బొమ్మలు చూసింది. ఆ తర్వాత అన్నం సహించలేదు. కన్ను మూస్తే నీళ్ళలో మునిగిపోతున్నట్టుందని ఏడ్చేది.

దమయంతి భర్త విద్యాసాగర్ బొమ్మల మీద గుడ్డ కప్పమన్నాడు. మూర్తి వాటిని గోడవైపు తిప్పి పెట్టాడు. అయినా అనూహ్య భయం పోలేదు. ఇరుగుపొరుగు కూడా తలా ఒక మాట అన్నారు.

చివరికి దమయంతే మేడ ఎక్కింది.

“మీరు మంచోళ్ళే మూర్తిగారు. గానీ నా బిడ్డ పరేషాన్ అయితున్నది. గది ఖాళీ చెయ్యుండ్రి.”

వానలు తగ్గేదాకా ఆగమని, తేమ తనకు పడదని అతను బతిమాలాడు. దమయంతి ఒప్పుకోలేదు.

మర్నాడు బొమ్మలన్నీ తోపుడుబండి మీద కట్టుకుని, చినుకుల్లోనే వెళ్ళిపోయాడు. రాంనగర్‌లో ఏదో కింది అంతస్తు గది దొరికిందని తెలిసింది.

దసరాకు అనూహ్యకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. తను చేసింది మంచిపనేనని దమయంతి అనుకుంది.

దీపావళి ముందు విద్యాసాగర్ ఒక కబురు తెచ్చాడు. ఆ తడిగదిలో మూర్తికి ఊపిరాడలేదట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే పోయాడట. సొంతవాళ్ళెవరో తెలియక వీధివాళ్ళే దహనం చేశారట. బొమ్మల్ని పాతసామాన్లవాడు తీసుకుపోయాడట.

ఆ పూట దమయంతి కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయింది.

కార్తీకంలో ఒక ఉదయం గేటు చప్పుడైంది. ఎవరో ఒకావిడ పళ్ళసంచీ పట్టుకుని నిలబడి ఉంది.

దమయంతి అడుగు వెనక్కి పడింది. అదే ముఖం. కుట్టుమిషన్ ముందు కూర్చున్నావిడ.

“మూర్తిగారు మేడ మీదేనా అండీ ఉండేది? నా పేరు నళిని, అమలాపురం నుంచి వస్తున్నాను. మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. ఆయన చేతుల మీదుగా చేయించాలని మా ఆశ.”

దమయంతి ఆమెను లోపలికి తీసుకెళ్ళింది. మంచినీళ్ళిచ్చి, జరిగింది మెల్లగా చెప్పింది. తను ఖాళీ చేయించిన సంగతి కూడా దాచలేదు.

నళిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆయన బొమ్మల్ల మిమ్మల్ని చూసినమ్మా. ముసలాయన్ని గూడ. అందర్నీ నీళ్ళ కిందనే ఏసిండు. చచ్చినోళ్ళేమో అనుకున్న. గట్లెందుకేసిండు?” అంది దమయంతి.

నళిని కళ్ళు తుడుచుకుంది.

“ఆ ముసలాయన మా మావగారండీ, బాగానే ఉన్నారు. ఆయన కోనసీమలో ఉన్న రోజుల్లో, గోదారి సముద్రంలో కలిసేచోట మా పడవ బోల్తా పడింది. ఒడ్డున అంతమంది ఉన్నా దూకింది ఆయనొక్కరే. మునిగి మునిగి మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే పైకి తెచ్చారు. మా అందర్నీ ఆయన మొట్టమొదట చూసింది ఆ నీళ్ళ కిందేనండీ.”