పార్కు గేటు దగ్గర తూకం

సగం ఒలిచిన అరటిపండుని కూతురు మళ్ళీ తొక్కతో మూసేసింది.

"తినవే! పరుగు నుంచి వచ్చి అరగంటయింది," తల్లి కుట్టుమిషను ఆపింది.

"ఆగమ్మా. ఇవాళ తూకం చూసుకోలేదు. నేను వచ్చేటప్పటికి పెద్దాయన ఇంకా రాలేదు."

తల్లికి ఒళ్ళు మండింది. నోట్లోకి పోయే ముద్దకి, పార్కు గేటు దగ్గర తూకం పెట్టుకుని కూర్చున్నవాడి సెలవు కావాలా!

ఆఫీసులో ఎవరో "బస్తా" అన్న రోజు నుంచి ఇదే వరస. తెల్లారితే పరుగు. చేతికి గడియారం. నాలుగు వందల కేలరీలు కరిగాయంటుంది అది. కరిగినవి మళ్ళీ తినాలా, వద్దా?

తింటే పరుగు దండగంటుంది స్నేహితురాలు. తినకపోతే పడిపోతావంటుంది తల్లి.

"కరిగింది తినకపోతే రేపు పరిగెత్తేది నీ నీడా, పాపా?" అన్నాడట తూకం పెద్దాయన.

చివరికి కూతురే ఒక లెక్క తేల్చుకుంది. ముల్లు నిన్నటికంటే దిగితే, కరిగినంతా తిరిగి తింటుంది. దిగకపోతే రాత్రిదాకా మంచినీళ్ళే. ఆ మాట పెద్దాయనకీ చెప్పింది.

మొదటి నెల ముల్లు మొండికేసింది. పిల్ల గోడ పట్టుకుని నడిచింది.

తర్వాత మూడు వారాలుగా ముల్లు రోజూ దిగుతోంది. పిల్ల రోజూ తింటోంది. గుడ్లు, రొట్టె, పాలు.

ఇంకో తల్లయితే సంతోషించేది. ఈ తల్లికి తాడు చూసినా పామే. ఇంత తింటున్నా తగ్గుతోందంటే, లోపల ఏ మాయరోగమో పిల్లని తినేస్తోంది!

ఆ ఆలోచన రాగానే మెడలో ఉన్న టేపు లాగింది.

"ఇలా రా. తిన్నగా నిలబడు."

ఇరవై ఏళ్ళుగా అందరి నడుములూ కొలిచిన చెయ్యి. కొలతల పుస్తకం తిరగేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు కొలిచింది.

"నడుము దగ్గర అంగుళం పెరిగావే!"

"అదెలా? ఆయన తూకంలో నాలుగు కిలోలు తగ్గానుగా?"

"వాడి తూకమే దొంగది! నా టేపు అబద్ధం చెప్పదు. నీకే రోగమూ లేదే తల్లీ!" తల్లి పైకి చూసి దణ్ణం పెట్టింది.

కూతురు అరటిపండు బల్ల మీద పెట్టేసింది.

"అయితే ఇన్నాళ్ళూ తిన్నదంతా ఒంటికి పట్టేసిందన్నమాట."

తల్లి ఆ మాట వినలేదు. అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. కూతురు వెనకే పరిగెత్తింది.

గేటు దగ్గర పెద్దాయన అప్పుడే వచ్చి యంత్రం అద్దం తుడుస్తున్నాడు.

"ఏమయ్యా! దొంగ తూకంతో ఆడుకోవడానికి నీకు నా కూతురే దొరికిందా? నాకు గుండె ఆగినంత పనైంది!"

పెద్దాయన తల్లిని చూశాడు. వెనకున్న కూతురిని చూశాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు.

"పాత యంత్రం తల్లీ. తప్పు నాదే."

"విన్నారా? వాడి నోటితోనే ఒప్పుకున్నాడు!"

జనం మూగారు. పార్కు సూపర్‌వైజర్ వచ్చాడు. మళ్ళీ ఈ చుట్టుపక్కల కనిపిస్తే ఊరుకోనన్నాడు.

పెద్దాయన యంత్రాన్ని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"పాపా, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

"నా కూతురి తిండి గొడవ నీకెందుకయ్యా?" తల్లే జవాబిచ్చింది.

మర్నాడు కూతురు మందుల షాపులో తూగింది. పెద్దాయన తూకం చూపినదానికంటే ఐదు కిలోలు ఎక్కువ.

పరుగు రెండు పూటలైంది. తిండి మంచినీళ్ళైంది.

"కరిగినవైనా తినవే, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

"అంగుళం పెరిగానని నువ్వేగా చెప్పావు?"



పన్నెండో రోజు పార్కు నుంచి ఫోను వచ్చింది. తల్లి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది.

కూతురు బెంచీ మీద పడుంది. పెదవులు సున్నంలా ఉన్నాయి. పార్కు కాపలా అతను మొహం మీద నీళ్ళు చల్లుతున్నాడు.

"అంబులెన్సు వస్తోందమ్మా, కంగారు పడకండి. ఊపిరి ఆడుతోంది." అతను తల అడ్డంగా ఊపాడు. "ఆ తూకం పెద్దాయన ఉండుంటే ఇంతదాకా రానిచ్చేవాడు కాదు. నేను సెలవులో ఉన్నప్పుడు ఎవరో మహాతల్లి తగువు పెట్టుకుని వెళ్ళగొట్టిందట."

"వాడిది... దొంగ తూకం కదా?" అంది తల్లి.

"ఎవరన్నారు? మా అందరికీ ఆసుపత్రి తూకంతో చుక్క తేడా వచ్చేది కాదు."

"మరి నా కూతురికి?"

"ఈ అమ్మాయి మలుపులో కనిపించగానే తూకం ముల్లు మర వెనక్కి తిప్పేవాడు. దిగి వెళ్ళాక మళ్ళీ సరిచేసేవాడు."

"ఎందుకు?"

"నేనూ అదే అడిగానమ్మా. ముల్లు దిగితేనే ఆ పిల్ల తింటుందట, దించేస్తే మనదేం పోయిందిరా, అన్నాడు."