మొగుడి పేరు

“ఈ ఆదివారం నువ్వు కూడా రా భానూ. ఇద్దరం కలిసే బాప్తిస్మం తీసుకుందాం.”

భానుమతి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద దోసె మాడుతున్నా ఆమె పట్టించుకోలేదు.

“ఇద్దరమా? మీ ఒక్కరి పిచ్చి చాలదూ?”

అచ్యుతరావు జెర్సీ సిటీలో పదేళ్ళుగా డాక్టరు. ఎనభై రెండో సంవత్సరం చలికాలం దాకా ఇంట్లో దేవుడి గూటివైపు తొంగి కూడా చూడని మనిషి. ఆ తర్వాత ఏ పురుగు కుట్టిందో గానీ కనిపించిన ప్రతి దేవుడి తలుపూ తట్టడం మొదలుపెట్టాడు. న్యూయార్క్‌లో గుడికెళ్ళి పూజారిని అడిగాడు. ఎవరో స్వామీజీని అడిగాడు. బౌద్ధుల దగ్గర కూచున్నాడు. హాస్పిటల్లో తనతో పనిచేసే పాకిస్తానీ డాక్టర్ని పట్టుకుని మసీదుకీ వెళ్ళొచ్చాడు. వెళ్ళిన ప్రతి చోటునుంచీ మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఏమడిగావయ్యా అంటే మాత్రం చెప్పడు. చివరికి తెలుగు పాస్టరు ఏసురత్నంగారి దగ్గర తేలాడు. అక్కణ్ణుంచి తేటపడ్డ మొహంతో ఇంటికొచ్చాడు. ఆ మొహం చూసే భానుమతికి ఒళ్ళు మండిపోయింది.

“పిల్లాజెల్లా లేని సంసారం మనది,” అంది స్టవ్ ఆర్పేస్తూ. “నాకు మీరూ, మీకు నేనూ. ఏడేడు జన్మలకీ మీరే మొగుడు కావాలని నోములు నోచుకుంటున్నదాన్ని. నన్ను పట్టుకుని ఆ నోములన్నీ గంగలో కలపమంటారా?”

“వచ్చే జన్మలో నేను ఎదురుపడితే గుర్తుపడతావా?”

“పైగా వేళాకోళం కూడానా!”

“వేళాకోళం కాదు భానూ. నిజంగా అడుగుతున్నా. గుర్తుపడతావా?”

“అప్పటి సంగతి అప్పుడు. ఈ జన్మలో మిమ్మల్ని గుర్తుపట్టడానికే నా ప్రాణం మీదికొస్తోంది!”

అచ్యుతరావు బల్ల మీది మందు సీసా అందుకుని చూశాడు. “టాబ్లెట్ వేసుకున్నావా?”

“వేసుకున్నాను. ఒంట్లో రక్తం తక్కువని మందు రాశారు. మనశ్శాంతి తక్కువైతే రాయరేం?”

అతను కారు తాళాలు తీసుకుని గబగబా వెళ్ళిపోయాడు. దోసె అలాగే ఉండిపోయింది.

భానుమతి ఫోన్ తీసి స్నేహితురాలు నళినికి గోడు వెళ్ళబోసుకుంది. నళిని నోటికి ఎదురులేదు.

“పిచ్చిదానా! ఈ వయసులో మగాడు ఉన్నట్టుండి మతం మారుతున్నాడంటే దేవుడి కోసమనుకున్నావా? అక్కడెవరో ఉండి ఉంటుంది. ముందు వెళ్ళి ఎంక్వయిరీ చెయ్యి.”

ఆ మాట ముల్లులా దిగింది. అన్నం సహించలేదు. మర్నాడే బస్సెక్కి చర్చికి వెళ్ళింది. అమెరికన్ల చర్చి అది. బేస్‌మెంట్‌లో ఆదివారాలు తెలుగువాళ్ళు ప్రార్థన పెట్టుకుంటారు. మెట్లు దిగేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. కోపం అలాంటిది మరి.

పాస్టరు ఏసురత్నంగారు కుర్చీలు సర్దుతున్నారు. ఒంగోలు పక్క పల్లెటూరి మనిషి, పెద్దాయన.

“ఎవరమ్మా? ఏం కావాలి?”

“అచ్యుతరావు సంగతి మాట్లాడాలి,” అంది భానుమతి తెగించి.

తెగింపే మరి! పెళ్ళయినప్పట్నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. విష్ణు అష్టోత్తరం చదువుతూ ‘అచ్యుతాయ నమః’ దగ్గరికొస్తే గొణుగుతూ దాటేసేది. డాక్టరుగారున్నారా అని ఎవరైనా ఫోన్ చేసినా ‘ఆయన లేరు’ అనడమే గానీ, పేరు మాత్రం పలికేది కాదు. ఇప్పుడిక ఇలాంటి మొగుడికి మర్యాదేమిటన్న కసితో అనేసింది.

పెద్దాయన మొహం విప్పారింది. పేరుపెట్టి అడిగిన మనిషి పెళ్ళామై ఉంటుందని ఆయనకి తోచనే లేదు.

“విజయశ్రీగారా? చెల్లెలికి టికెట్టు పంపించానని డాక్టరుగారు చెప్పారు. వచ్చేశారన్నమాట! కూచోండమ్మా.”

ఆడపడుచు వస్తోందని తనకే తెలియదు! భానుమతి కాదనబోయి ఆగింది. పెళ్ళానికి చెప్పనివి చెల్లెలికి చెబుతారు కదా.

“అవునండీ. మా అన్నయ్య మతం మారుతోంది దేవుడి కోసమేనా? లేక... మధ్యలో ఎవరైనా ఆడమనిషి ఉందా?”

ఏసురత్నంగారు నేలవైపు చూశారు. “ఉందమ్మా. ఆ మనిషి కోసమే.”

భానుమతి ముందుకు వంగింది. “ఎవరది?”

“ఇంకెవరు? మీ వదినగారే.”

భానుమతి పక్కనున్న కుర్చీ లాక్కుని కూచుంది.

“దేవుడున్నాడా లేడా అని ఆయన నన్ను అడగలేదమ్మా. చచ్చిపోయాక అవతల మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు గుర్తుపడతారా, అదొక్కటే అడిగారు. అందర్నీ ఇదే అడిగారట, ఎవరూ సూటిగా చెప్పలేదట. అక్కడ పెళ్ళిళ్ళుండవు గానీ గుర్తుపడతారు బాబూ అన్నాను. ‘అది చాలండీ, ఇద్దరికీ బాప్తిస్మం ఇవ్వండి’ అని నా చేతులు పట్టుకుని ఏడ్చారు.”

భానుమతికి కళ్ళు చెమర్చాయి. ఎంత మాటన్నాను, ఎంత అనుమానించాను అని సిగ్గుతో చచ్చిపోయింది. పిచ్చి మనిషి! ఇంత ప్రేమ కడుపులో దాచుకుని పెళ్ళాం చేత తిట్లు తిన్నాడు. ఏ దేవుడైతేనేం, ఆదివారం ఆయన చెయ్యి పట్టుకుని వచ్చేస్తాను అనుకుంది.

“మీ దగ్గర దాచేదేముంది, నేనూ ఒక పొరబాటు చేశానమ్మా,” అన్నారు పెద్దాయన. “ఇలాంటివి అడిగేవాళ్ళు పోయినవాళ్ళ గురించే అడుగుతారు కదా. మీ ఆవిడ పోయి ఎన్నాళ్ళయింది బాబూ అని అడిగేశాను.”

భానుమతి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “అయ్యో! దానికేమన్నాడు మా అన్నయ్య?”

“‘ఇంకా పోలేదండీ, దసరా దాకా ఉంటుందన్నారు’ అన్నారు.”