కంచు హంస

కాఫీ కప్పు యర్మో చెవి పక్కనుంచి దూసుకెళ్లి గోడకు తగిలి పగిలింది.

"నాలుగోసారి రాయను," అన్నాడు ఔలిస్.

తెర మీద, మంచులో, గొడ్డలి ఎత్తిన మనిషి అలాగే ఆగిపోయి ఉన్నాడు. దర్శకుడు యర్మో ముఖం మీద చిందిన కాఫీ తుడుచుకున్నాడు. ఔలిస్ సంగీతం కట్టి ఇచ్చేదాకా ఆ హత్యకు ఏదో పాత సంగీతం ముక్క అతికించి నడుపుకున్నాడు. సినిమావాళ్లందరూ చేసే పనే. ఇప్పుడు అలాంటిదే కావాలని పట్టుబట్టాడు. ఔలిస్ ఇచ్చిన మూడూ వయొలిన్ల కీచురొదేనట, జనం చెవులు మూసుకుంటారట. రేపటికి కుదరకపోతే తుర్కు ఊళ్లో సంగీతం కట్టే కుర్రవాడెవరో ఉన్నాడట.

సగం జీవితం నాటకాలకూ సినిమాలకూ ధారపోసిన ఔలిస్ కుర్చీని కాలితో తన్నాడు.

"పెట్టు నీ ముక్క. మళ్లీ వింటాను."

గొడ్డలి దిగింది. ఔలిస్ స్పీకరు మీదికి వంగాడు. పెంచమన్నాడు. ఇంకా పెంచమన్నాడు. కిటికీ అద్దాలు అదిరాయి.

"ఇందులో సంగీతమేదిరా? ఎవడో డబ్బా బాదుతున్నాడు, అంతే."

"మీద ఆ వయొలిన్ ఏడుస్తోంది కదరా."

"ఏ వయొలిన్?"

యర్మో నవ్వేశాడు. "సౌనా ఆవిరిలో కూర్చుని కూర్చుని నీ చెవులు ఉడికిపోయాయి."

ఔలిస్ అతని గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ పియానో మీద పడ్డారు. మెట్లన్నీ ఒక్కసారిగా మొరిగాయి. యర్మో మోకాలు ఔలిస్ పొట్టలో దిగింది, ఔలిస్ పళ్లు యర్మో మణికట్టులో దిగాయి. తడుముకుంటున్న ఔలిస్ చేతికి పియానో మీది కంచు హంస దొరికింది. ఔలిస్ గెలిచిన మొట్టమొదటి బహుమతి. దాంతోనే నెత్తిన కొట్టాడు. ఎముక చిట్లింది. మళ్లీ కొట్టాడు.

యర్మో గోడవారగా జారిపోయాడు. తెల్లజుట్టు ఎర్రబడింది. తెర మీద హత్య అయిపోయినా సంగీతం సాగుతూనే ఉంది.

"చెప్పు, ఈ చెత్త కట్టిందెవడు? వాణ్నీ చంపుతాను."

యర్మో పెదవులు కదిలాయి. ఔలిస్‌కు వినపడలేదు. చెవి అతని నోటి దాకా తెచ్చాడు.

యర్మో నెత్తురోడుతున్న వేలితో హంసను చూపించాడు.

"నువ్వేరా. అది నీకిచ్చింది ఈ సంగీతానికే."