కుడి తలుపు

"కాస్త జరుగుతారా మామ్మగారూ? మీ నీడ పడుతోంది."

పాత సామాన్ల సంతలో, ఒక షాపు బయట, చెక్క బీరువా ముందు కూర్చున్న పెద్దావిడ స్టూలుతో సహా పక్కకు జరిగింది.

"ఇంకొంచెం."

"ఇంకా జరిగితే రోడ్డు మీదే నాయనా!"

ఫోటోగ్రాఫర్‌కు నవ్వే తీరిక లేదు. మూడేళ్లుగా ప్రదర్శనకు పంపిన ఫోటోలన్నీ గోడకు కొట్టిన బంతిలా తిరిగొస్తున్నాయి. ఈసారీ కాదంటే కెమెరాను అటకెక్కిస్తానని భార్యకు మాటిచ్చి మరీ వచ్చాడు. పొద్దున్నుంచీ కుర్చీలూ మంచాలూ భోషాణాలూ తీసి తీసి విసిగిపోయాక, ఇదిగో, ఈ బీరువా కంటబడింది.

దాని కుడి తలుపు చూసి అక్కడే ఆగిపోయాడు.

నీలం పెచ్చులూడిన చోట పసుపు. పసుపు చిట్లిన చోట ఇటుకరంగు. గడియ దగ్గర, ఎన్ని చేతులు పడ్డాయో ఏమో, రంగంతా అరిగిపోయి చెక్క నున్నగా మెరుస్తోంది.

"ఎడమ తలుపు ఫోటో తియ్యవా?" అడిగిందావిడ.

"అదీ అవే రంగులు గానీ, ఎవరో పులిమినట్టుంది. ఇది చూడండి, ప్రాణం ఉంది!"

"నిజంగానా?"

"వందేళ్ల ఎండా వానా కలిసి వేసిన బొమ్మండీ ఇది. మనిషన్నవాడు తలకిందులుగా తపస్సు చేసినా ఇలా వెయ్యలేడు."

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

"ఎండ పక్కనుంచి పడితే ఇంకా బాగుంటుంది. నాలుగింటి దాకా ఆగు."

చాదస్తం అనుకుంటూనే ఆగాడు. నాలుగింటికి ఏటవాలు ఎండలో ప్రతి పెచ్చూ లేచి నిలబడింది. అనుకున్న ఫోటో దొరికింది. ఆ సంబరంలో ఆవిడకు వెళ్లొస్తానని కూడా చెప్పకుండా బస్సెక్కేశాడు.

ప్రదర్శనలో మొదటి బహుమతి ఆ ఫోటోకే వచ్చింది. 'కాలం వేసిన బొమ్మ' అని పేరు పెట్టాడు. పేపర్లో కూడా అదే పేరుతో పడింది.

రెండు నెలల తర్వాత, ఆ ఫోటోను పెద్దది చేయించి, పటం కట్టించి సంతకు వెళ్లాడు. బీరువా అమ్ముడైపోయింది. షాపాయన ఒక్కడే ఉన్నాడు.

"మామ్మగారు ఏరండీ? ఎండ కోసం ఆగమన్నది ఆవిడే. ఆ రోజు మాటైనా చెప్పకుండా వెళ్లిపోయాను. ఈ పటం ఆవిడకిద్దామని వచ్చాను."

షాపాయన పటం అందుకుని చూశాడు.

"ఇంకెక్కడి మామ్మగారు బాబూ? పోయిన నెలే కన్నుమూసింది. పేపర్లో నీ ఫోటో మాత్రం చూసింది. కింద రాసింది చదివి, సంతంతా తిరిగి అందరికీ చూపించి ఒకటే నవ్వు."

"అంత నచ్చిందా?"

"నచ్చదూ మరి? ఆ బీరువాకు అసలుది ఎడమ తలుపొక్కటే. కుడిది ఎప్పుడో విరిగిపోతే, కొత్త చెక్క తెచ్చి, ఇరవై రోజులు కూర్చుని, ఆ రంగులన్నీ వేసి, అరగదీసి ఆ తలుపు చేసింది ఆవిడే."