వేలిముద్ర మామగారు

మా అల్లుడు బ్యాంకు పుస్తకం తప్ప మరో పుస్తకం తెరవని మనిషి. వారానికి మూడు రోజులు మందుల కంపెనీ ఉద్యోగం ఇంటి నుంచే వెలగబెడతాడు. అదీ నా గదిలో, నా బల్ల మీద. ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. గిన్నె చప్పుడవకూడదు. మా అమ్మాయి మునివేళ్ల మీద నడుస్తుంది.

నిన్న కంపెనీ రహస్యాలు కాపాడే అధికారిణి కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమై, గదంతా చూపించమంది. పని చేసే చోట మరో మనిషి ఉంటే ఇంటి నుంచి పని రద్దట. అల్లుడు కెమెరా తిప్పాడు. వెనక పడక్కుర్చీలో నేను. నా గదిలో నేను కాక ఇంకెవరుంటారు?

"ఎవరండీ ఆయన?"

"మా మామగారు మేడమ్. వేలిముద్ర మనిషి. తెర మీద ఏముందో ఆయనకేం తెలుస్తుంది?"

మూడు బీరువాల పుస్తకాలు నమిలినవాణ్ణి. ఒళ్లు మండింది.

"అమ్మా, వచ్చే నెల మీరు తెస్తున్న దగ్గు మందుకు అనుకున్న నాలుగు పేర్లూ చూశాను. మొదటిది పురుగుల మందులా ఉంది. రెండోది కాస్త నయం," అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. "రేపటి నుంచి రోజూ ఆఫీసుకే రండి," అని అల్లుడితో చెప్పి మాయమైంది.

"కొంప ముంచారు కదా మామయ్యా!" అంటూ అతను మేనేజరుకు మొరపెట్టుకోవడానికి ఫోను పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు.

గుమ్మంలో మా అమ్మాయి. అంతా విన్నది. మొగుడి పరువు తీసినందుకు నన్ను ఉతికి ఆరేస్తుందని తల వంచుకున్నాను.

ఆమె కిటికీలోంచి వీధి చివరిదాకా చూసి, నా వైపు తిరిగింది.

"ఆ నోరేదో మొదటి వారమే విప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది నాన్నా?"